బనియను అంచులో నిచ్చెన

వేసవిలో నూజివీడు తోటల్లో చేయి పైకి చాచి చిన్నరసాలు కోసే మనిషిని గమనించండి. ఒంటిమీది బనియను సాగుతుంది. దాని అంచు కుట్టు మాత్రం తెగదు. ఎందుకని?

అంచును తిరగేసి చూడండి. పైన రెండు సమాంతర వరుసలు, లోపల నిచ్చెనలా అల్లిన దారం కనిపిస్తాయి. ఇది కవర్‌స్టిచ్ మిషను పని. దీనినే ఫ్లాట్‌లాక్ అని కూడా అంటారు. ఇంటి కుట్టుమిషనులో ఉండే బాబిను ఇందులో ఉండదు. లూపర్ అనే కొక్కెం, సూదులు వదిలిన ఉచ్చుల్లోకి తన దారాన్ని అటూ ఇటూ నడుపుతుంది. ఆ అడ్డదారమే కుట్టు సాగడానికి చోటిస్తుంది.

మరి దారం ఎక్కించడం ఎలా? మొదట స్విచ్ ఆపి, గుడ్డను అదిమే పాదాన్ని పైకెత్తాలి. అప్పుడు టెన్షన్ బిళ్ళలు విడివడి దారం వాటి నడుమకు దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్ళల మధ్యకు పోక, బిగువు లేక ఉచ్చులు వేలాడతాయి. సాధారణంగా ముందు లూపర్‌కు, తర్వాత సూదులకు ఎక్కిస్తారు. దారాలు ఒకదానినొకటి చుట్టుకోరాదు. చివరకు పాదం దించి ఒక్కొక్క దారాన్నీ మెల్లగా లాగండి. బిగువు తగలాలి, సులువుగా జారితే మళ్ళీ ఎక్కించాలి.

ఈ జాగ్రత్త ఎందుకో తెలుసుకోవాలంటే పాత బనియను తీసుకోండి. కుట్టు ముగిసినచోట లోపలి దారాన్ని లాగి చూడండి. నిచ్చెన మెట్టుమెట్టుగా ఊడివస్తుంది! ప్రతి ఉచ్చునూ దాని పక్క ఉచ్చే నిలబెడుతోంది మరి.