కలుపు విత్తనము వెలుగు నెట్లు గుర్తించును?

పొలమును శుభ్రముగా దున్ని కలుపంతయుఁ దీసివేసినను, వాన పడిన కొలఁది దినములకే మరల నది మొలచుట రైతు లందఱు నెఱిఁగినదే. వానిలోఁ బెక్కు విత్తనములు మన మట్టిలోనే యేండ్లతరబడి నిద్రించుచుండినవి. దున్నునపుడు క్షణకాలము సోకిన వెలుగే కొన్నింటిని మేల్కొల్పఁ జాలును. ఇది యెట్లు జరుగునో వివరింతుము.

మొక్కలలోను విత్తనములలోను ఫైటోక్రోము అను పదార్థము గలదు. దాని యణువు రెండు రూపములు దాల్చును. సుమారు 660 నానోమీటర్ల యెఱ్ఱకాంతి సోఁకఁగా, అణువులోని యొక భాగము మడతబందుమీఁది తలుపువలె తిరిగి, ఆకారము మాఱును. మొలకను బురికొల్పు రూప మిదియే. సుమారు 730 నానోమీటర్ల కాంతి, అనఁగా ఎఱుపు చివరనుండి కంటికి లీలగాఁ గానవచ్చు కొసకాంతి, సోఁకినచో మొదటి రూపమునకు మరలును. చీఁకటిలోను మెల్లగా మరలును. నానోమీటరనఁగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు.

1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున బోర్త్‌విక్, హెండ్రిక్స్ మొదలగువారు నానిన లెట్యూసు అను ఆకుకూర విత్తనములపై ఈ రెండు కాంతులను మార్చిమార్చి ప్రసరింపఁజేసిరి. ఎన్నిమాఱులు మార్చినను, కడపట ఎఱ్ఱకాంతి సోఁకినవి మిక్కిలిగా మొలచెను; కొసకాంతి సోఁకినవి చాలవఱకు మొలవలేదు. 1959లో ఆ కేంద్రమువారే ఆ పదార్థమును మొక్కలలోఁ గనుఁగొనిరి.

విత్తనమున కీ యేర్పాటేల? చిన్నగింజలో నిలువయుండు నాహారము స్వల్పము. లోఁతున మొలచినచో పైకి రాకమునుపే చచ్చును. కావున వెలుగు సోఁకువఱకు వేచియుండును. మఱియు పచ్చని ఆకులు ఎఱ్ఱకాంతిని పీల్చి, కొసకాంతిని క్రిందికి విడుచును. అందుచే దట్టమైన పైరు నీడలో నిట్టి గింజ మొలవక యూరకుండును.

దీనినిబట్టి మనము చేయఁదగినవి రెండు. విత్తుటకు ముందే దుక్కి ముగించి, తడి తగిలి కలుపు మొలచిన పిదప గుంటకను పైపైనఁ దోలి చంపవలెను. అప్పుడు మరల లోఁతుగా దున్నినచో క్రొత్తగింజలకు వెలుగు చూపినట్లగును. రెండవది, సాళ్లలో బోసులు లేకుండ విత్తి, పైరు త్వరగా నేలను గప్పునట్లు చూడవలెను.

కలుపు విత్తనములన్నియు వెలుగును గోరునవి కావు. కావున కలుపుతీత తప్పదు. ఒకరి చేనిలో రాలిన గింజ గాలికిని నీటికిని బొరుగుచేనికిఁ బోవును గనుక, సభ్యులందఱు కలుపు గింజకట్టకమునుపే పెఱికివేయుదురుగాక.