విలియం హెన్రీ లూయిస్

మన బాలురు కాలితో తన్ని ఆడెడి బంతియాటకు ఫుట్‌బాల్ అని పేరు. అమెరికాలో ఆ పేరు వేఱొక ఆటకు చెల్లును. అచ్చటి బంతి గ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. వరుస నడుమ నిలుచువానిని సెంటర్ అందురు. అతడు వంగి బంతిని వెనుకకు అందించిన పిమ్మటనే ఆట సాగును. అందించిన మరుక్షణమే ఎదిరిపక్షమువారు అతనిపై బడుదురు. అతడు కదలెనా, వరుస తెగినట్లే!

ఆ స్థానమున నిలిచి పేరొందినవాడు విలియం హెన్రీ లూయిస్. అతడు 1868లో వర్జీనియా రాష్ట్రమందలి బర్క్‌లీ అను ఊర జన్మించెను. తల్లిదండ్రులు నల్లజాతివారు, ఒకప్పుడు బానిసలు. అతడు పుట్టుటకు మూడేండ్లు ముందే, 1865లో, బానిసత్వము రద్దయ్యెను. చట్టము మారెను గాని జనుల మనస్సులు అంత త్వరగా మారలేదు.

1888లో లూయిస్ మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఆమ్హర్స్ట్ కళాశాలలో చేరెను. 1891లో అచ్చటి జట్టునకు నాయకుడయ్యెను. మరుసటి యేట పట్టభద్రుడై, న్యాయశాస్త్రము చదువుటకు హార్వర్డు చేరి, ఆ జట్టున రెండేండ్లు సెంటరుగా ఆడెను. అతని బరువు 175 పౌన్లు, అనగా సుమారు 80 కిలోలు. మనకిది ఎక్కువగా తోచును గాని, ఆ స్థానమునకు తక్కువే. చుఱుకుదనముతో ఆ లోటు దీర్చుకొనెను. హార్వర్డునకు చిరకాల ప్రత్యర్థియగు యేల్ కళాశాలకు చెందినవాడు వాల్టర్ కాంప్. దేశమందలి మేటి ఆటగాండ్రు పదునొకండుగురిని ఏటేట ఎంచి, అతడు పట్టిక ప్రకటించెడివాడు. 1892, 1893 సంవత్సరములు రెండింటను అందు లూయిస్ పేరుండెను. ఆ గౌరవమందిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతడే. ప్రత్యర్థి మెచ్చిన మెప్పే మెప్పు గదా!

మైదానమున ఇంతటి మన్నన. వీథిలో మాత్రము అట్లు కాదు. ఆ ఊరి క్షురకుడొకడు అతనికి క్షౌరము చేయ నిరాకరించెను. లూయిస్ ఆ యవమానమును దిగమ్రింగి ఊరకుండలేదు. శాసనసభ దృష్టికి గొనిపోయెను. 1893లో మసాచుసెట్స్ ప్రభుత్వము చట్టమును సవరించి, క్షౌరశాలలయందును వర్ణభేదము చూపరాదని విధించెను.

చదువు ముగిసిన పిమ్మట లూయిస్ న్యాయవాదియయ్యెను. 1895 మొదలు 1906 వఱకు హార్వర్డు జట్టునకు శిక్షణ నిచ్చుచుండెను. 1896లో ఈ ఆటను గూర్చి ఒక పాఠ్యగ్రంథము వ్రాసి ప్రకటించెను. 1911లో అధ్యక్షుడు టాఫ్ట్ అతనిని దేశపు సహాయ అటార్నీ జనరల్‌గా నియమించెను. అంతవఱకు నల్లజాతివా రెవ్వరును అంతటి పదవి నందలేదు.

ఆ యేడే అమెరికా న్యాయవాదుల సంఘము అతనిని సభ్యునిగా చేర్చుకొనెను. 1912లో, అతడు నల్లవాడని తెలియక చేర్చుకొంటిమని చెప్పి, కార్యవర్గము తొలగింప యత్నించెను. రాజీనామా చేయుమన్నను లూయిస్ చేయలేదు. అటార్నీ జనరల్ వికర్‌షామ్, తన సహోద్యోగి పక్షము వహించి, సంఘమందలి 4,700 మంది సభ్యులకును లేఖలు పంపెను. తుదకు లూయిస్ సభ్యత్వము నిలిచెను. కాని అదే సభలో, ఇకపై చేరగోరువారు తమ జాతి యేదో తెలుపవలెనని నియమము చేసిరి. తన చోటు నిలుపుకొన్నను, తన వెనుక వచ్చువారికి తలుపు మూయబడుట అతడు కన్నులార చూచెను.

పిమ్మట బోస్టన్ నగరమున న్యాయవాదిగా పనిచేయుచు, 1949 జనవరి 1వ తేదీన మరణించెను. కళాశాల ఫుట్‌బాల్ ప్రఖ్యాతుల మందిరమున అతని పేరు చేర్చినది 2009లో.