గోదావరి ఒండ్రు

నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద జన్మించిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతాన్ని చేరుతుంది. అది తెచ్చేది నీటిని మాత్రమే కాదు. దక్కను పీఠభూమి మీది రేగడిని, ఎర్రమట్టిని, అరిగిన రాతిపొడిని వానలు కడిగి ఇవ్వగా, నది వాటిని మోసుకొనివస్తుంది. వరదనాటి ఎర్రనీటిని కడవలో ముంచి కదలకుండా ఉంచితే మరునాటికి అడుగున మెత్తని మట్టి పేరుకొంటుంది. ధవళేశ్వరం దిగువన జరిగేదీ ఇదే. వాలు తగ్గి నడక మందగించగానే నది మొదట బరువైన ఇసుకను, పిదప సన్నని ఒండ్రును విడిచిపెడుతుంది. కోనసీమ లంకలు ఆ విధంగా ఏర్పడినవే.

అయితే లంక స్థిరమైనది కాదు. ఏటి వంపులో వెలుపలి గట్టున ప్రవాహవేగం ఎక్కువ, లోపలి గట్టున తక్కువ. అందువల్ల ఒకవైపు కొబ్బరిచెట్లు కూలుతుండగా ఎదుటివైపు ఇసుకమేట లేస్తుంది. ఆ కొత్త మేట ఎవరిదన్న తగవు లంకవాసులకు కొత్త కాదు!

సముద్రాన్ని చేరిన తరువాత మట్టి బాధ్యతను కెరటాలు స్వీకరిస్తాయి. సన్నని ఒండ్రు దూరంగా పోయి సాగరగర్భాన పొరలుగా పరచుకొంటుంది. ముతక ఇసుక తీరాన్ని అంటిపెట్టుకొని సాగుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఆ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. గౌతమీ ముఖద్వారం నుండి అట్లా కదలిన ఇసుకయే కాకినాడ ఎదుట సుమారు 16 కిలోమీటర్ల తిన్నెగా నిలిచింది. అదే హోప్ ఐలాండ్. దాని వయస్సు ఇంచుమించు రెండు శతాబ్దాలే. తిన్నె చాటున కాకినాడ రేవుకు రక్షణ దొరికింది. ఒకప్పుడు ఓడలు నిర్మించిన కోరంగి మాత్రం 1839 నాటి తుపానుకు చితికి, పూడికతో రేవుగా తన ప్రాభవాన్ని కోల్పోయింది.

తిన్నెకు ఉత్తరాన జాందానీ చీరలకు పేరొందిన ఉప్పాడ ఉన్నది. దక్షిణం నుండి రావలసిన ఇసుక తిన్నె వద్దనే చాలవరకు నిలిచిపోతుండగా, అలలు ఉన్న ఇసుకను కొనిపోతున్నాయి. ఇండ్లు, రహదారి పలుమార్లు కోతకు గురైనాయి. పైగా నది తెచ్చే ఒండ్రే తగ్గింది. ఎగువ జలాశయాలలో నిలిచిన నీరు తన మట్టిని అక్కడనే దించుతున్నది. 112 టి.ఎం.సి.ల సామర్థ్యంతో నిర్మించిన శ్రీరాంసాగర్, పూడిక వలన తరువాతి సర్వేలో సుమారు 90కి తగ్గినట్లు తేలింది. ఆ లోటు డెల్టా అంచున కనిపిస్తుంది. ఉప్పాడ తీరాన రాళ్లు పోసి అడ్డుకట్ట వేశారు. కాని ఇటువంటి కట్ట ఉన్నంతమేర కోత ఆగినా, కట్ట ముగిసినచోట అలల తాకిడి పెరిగి, పక్కనున్న ఒడ్డు మరింత వేగంగా కరగడం కద్దు.