సంఘపు పాత కంప్యూటరునకు ఇంటర్నెట్టు అందనప్పుడు

గత పంటకాలమున మా ప్రాంతపు సంఘ మొకదానిలో ధాన్యపు లెక్కలు వ్రాయించుకొన వచ్చిన రైతులు సాయంకాలము వరకు అరుగుమీద కూర్చుండవలసి వచ్చెను. కంప్యూటరులో ఒక్క పుటయు తెరచుకొనలేదు. మరమ్మతునకు వచ్చినవాడు "ఇది పాతది, పైగా లైనక్సు, సమస్తమును చెరిపి మరల ఎక్కించవలె"నని చెప్పెను. అందు మూడేండ్ల పద్దుల నకళ్లు గలవు. మేము వలదని వారించి, వరుసగా చూడసాగితిమి.

వంశధార కాలువ శివారున మడి యెండినప్పుడు గొట్టా బ్యారేజి తలుపులనే తప్పుపట్టము గదా. గట్టు వెంబడి నడిచి, నీ రెచ్చట నాగినదో చూతుము. ఇక్కడను అంతే.

మొదట ఫోనులో మొబైలు డేటా నాపి, సంఘపు రౌటరు వైఫైతో ఏదేని పుటను తెరువవలెను. ఫోనుకును రానిచో తప్పు కంప్యూటరుది కాదు. ఫైబరు పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగిన యెడల వెలుపలి తీగ తెగియుండవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి స్తంభములు కూలినప్పుడు, లోపలి యంత్రము నెంత సవరించినను ఫలమేమి?

ఫోనుకు వచ్చి కంప్యూటరునకు రానిచో, వెనుక తీగను తీసి గట్టిగా గ్రుచ్చి, అచ్చటి చిన్నదీపము వెలుగుచున్నదేమో చూడుడు. ఎలుకలు కొఱికిన తీగలను మేము పలుమారు చూచితిమి. పాత యంత్రపు వైఫై కొన్నిమారులు లైనక్సులో పనిచేయదు. దానితో పెనగులాడక తీగనే వాడుట మేలు. తీగ లేనినాడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగు తెరచినను పని జరుగును.

పిదప టెర్మినల్ అను కిటికీలో, ఇంగ్లీషు అక్షరములతో, 'ఐపి ఎ' అని వ్రాయవలెను. 192.168తో మొదలగు అంకెలు కనబడిన, రౌటరు చిరునామా నిచ్చినదని యర్థము. ఏమియు లేకున్నను, 169.254 అని యున్నను, ఇయ్యలేదు; రౌటరు నార్పి వెలిగించవలెను. చిరునామా యున్నచో 'పింగ్ 8.8.8.8' అని వ్రాయుడు. జవాబులు వచ్చిన నీరు మడివరకు వచ్చినట్లే. లైనక్సులో పింగ్ తనంతట నాగదు. కంట్రోలు మీటతో సి మీట నొక్కి యాపవలెను. అంకెకు జవాబు వచ్చి, పేరునకు రాకున్న, పేర్లను అంకెలుగా మార్చు డీఎన్‌ఎస్ చెడినది. నెట్‌వర్కు సెట్టింగులలో డీఎన్‌ఎస్ యెదుట 8.8.8.8 అని వ్రాసిన సాధారణముగా సరిపోవును.

ఆ సంఘమున ఇవన్నియు సరిగనే యుండెను! అయినను ప్రతి పుటయు ప్రమాదమని హెచ్చరించెను. మూలనున్న గడియారము చూడగా సంవత్సరము 2010. లోపలి నాణెపు బ్యాటరీ చచ్చి, కరెంటు పోయినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవుచున్నది. సైట్ల భద్రతాపత్రములకు మొదలు, గడువు తేదీలుండును. 2010లో నున్నానను యంత్రమునకు నేటి పత్రము లింకను పుట్టనే లేదు. తేదీ దిద్దగానే పుటలు తెరచుకొనెను. మఱునాడు సీఆర్ 2032 అను కొలది రూపాయల బ్యాటరీని మార్పించితిమి.

తేదీ సరిగా నున్నను ఆ హెచ్చరిక వచ్చిన యెడల మాత్రము దానిని దాటిపోయి పాస్‌వర్డు వ్రాయరాదు. తేదీ తప్పిన దినములలో ఆ యంత్రమున వ్రాసిన పద్దులను చేతిరశీదులతో సరిపోల్చి, తేదీలు దిద్దవలెను. ఆ పని యచ్చట రెండు దినములు పట్టినది.