సెలవు రోజు ఏనుగుల చిత్రం, ఇంటి పేలాలు

పండుగ సెలవుల్లో పిల్లలతో కలిసి చూడదగిన డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ముదుమలైలో ఏనుగు గున్నలను సాకిన బొమ్మన్, బెల్లిల కథ ఇది. 2023లో ఆస్కార్ వచ్చింది. నిడివి సుమారు 40 నిమిషాలు.

చూస్తూ తినడానికి పేలాలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మామూలు మొక్కజొన్న సరిగా పేలదు, పాప్‌కార్న్ రకమే కావాలి. గింజలో 13-14 శాతం తేమ ఉండాలి. వేడికి ఆ తేమే ఆవిరై పొట్టును పగలగొడుతుంది. మరీ ఎండితే గింజ పేలదు. అందుకే గాలి చొరని డబ్బాలో దాచుకోవాలి.

అర కప్పు గింజలకు రెండు పెద్ద చెంచాల నూనె మందపాటి గిన్నెలో కాచి, గింజలు వేసి మూత పెట్టి కుదుపుతుండాలి. చప్పుళ్లు తగ్గగానే దించేయాలి. వేడి మీదే ఉప్పు, కారం గానీ మిరియాల పొడి గానీ చల్లుకోవాలి. తీపి కావాలంటే బెల్లం పాకం పట్టుకోవచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

చిత్రంలోని రఘు అనే గున్న తల్లి కరెంటు తగిలి చనిపోయింది. చిత్తూరు జిల్లాలోనూ ఏనుగులు పొలాల మీద పడుతుంటాయి. పంట పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయినా కంచెకు కరెంటు పెట్టొద్దు. అది ఏనుగుకే కాదు, రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషికీ ప్రాణగండమే.