శీతల గదికి ఎలెక్ట్రానిక్ నియంత్రకము అమర్చుట

పటాన్‌చెరు, సంగారెడ్డి అనగానే మనకు పొగగొట్టములు, మందుల కర్మాగారములు, లారీల బారులు స్ఫురించుట సహజము. కాని ఈ ప్రాంతమున పైకి కనిపించని మరొక సంపద కలదు. అది చలి. 1972లో పటాన్‌చెరు వద్ద స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ తన జన్యునిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలైన పంటల విత్తనములను మధ్యకాలమునకు 4 డిగ్రీల వద్దను, దీర్ఘకాలమునకు మైనస్ 20 డిగ్రీల వద్దను భద్రపరచుచున్నది. 2008లో నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవులలో తెరువబడిన ప్రపంచ విత్తన భాండాగారమునకు కూడ ఇక్కడి విత్తనములు చేరినవి. అక్కడి గదులలో చలి మైనస్ 18 డిగ్రీలు. తాతముత్తాతల నాటి విత్తనమైనను, 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన పసిబిడ్డల టీకామందైనను, హోటలుకు పోవు కోడిమాంసమైనను, చలి తప్పినచో చెడిపోవుననుట అందరికి తెలిసినదే. ఆ చలిని కాపలా కాయునది గోడకు బిగించిన ఒక చిన్న పెట్టె. దానినే ఉష్ణ నియంత్రకము, అనగా కంట్రోలరు అందురు.

తెలుగు బోధించు మాకు ఈ విషయముతో పని యేమి అని చదువరులు అడుగవచ్చును. మా పూర్వ విద్యార్థి ఒకడు కర్దనూర్ వైపు ఒక చిన్న కోల్డ్ రూములో సహాయకుడుగా పనిచేయుచున్నాడు. అక్కడ పాత థర్మోస్టాటును తీసి కొత్త ఎలెక్ట్రానిక్ కంట్రోలరును బిగించిరి. కొన్ని వారములకే మైనస్ 18 డిగ్రీలు ఉండవలసిన గది మైనస్ 6 చూపసాగెను. కంప్రెసరు రాత్రింబవళ్లు ఆగక తిరుగుచుండెను. గ్యాసు తగ్గినదని తలచి గ్యాసు నింపించిరి, ఫలితము లేకపోయెను. కొంత సరుకు పాడయ్యెను. తలుపు తెరచి ఉంచినాడని నెపము మోపి ఆ కుర్రవాని జీతములో కోత విధించిరి. తరువాత అనుభవజ్ఞుడైన మెకానిక్ ఒకరు వచ్చి కాయిలు మూత విప్పి చూడగా, లోపల కాయిలు అంతయు ఒకే మంచుబండగా మారియుండెను. తప్పు తలుపుది కాదు, గ్యాసుది కాదు. కంట్రోలరుకు సంబంధించిన ఒక చిన్న సెన్సరును ఉండరాని చోట కట్టుటయే ఈ అనర్థమునకంతటికి మూలము.

"దానితో వచ్చిన పుస్తకము చదువలేదా?" అని మేము అడిగితిమి. "చదివిన సార్. అక్షరాలు తెలిసినయ్, సంగతే తెల్వలేదు" అని వాడు బదులు చెప్పెను. పుస్తకము ఆంగ్లములో ఉన్నది. ఈ మాట మమ్ము బాధించినది. కావున ఆ మెకానిక్‌ను అడిగి, పుస్తకమును దగ్గర పెట్టుకొని, మేము తెలిసికొన్నదానిని ఇచట తెలుగులో వివరించుచున్నాము.

మంచు ఎందుకు పట్టును?

శీతల గదిలోని కాయిలు గది గాలికంటె కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉండును. తలుపు తెరచినప్పుడెల్ల వెలుపలి తేమగాలి లోపలికి వచ్చును. ఆ తేమ సున్న డిగ్రీలకంటె తక్కువలో ఉన్న కాయిలు రేకులను తాకి మంచుపొరగా గడ్డకట్టును. "కాయిల్‌కు బరఫ్ పట్టింది" అని పనివారు అనునది దీనినే. మంచు చల్లని వస్తువే కదా, దానివలన నష్టమేమి అని కొందరు అనుకొందురు. ఇది పొరపాటు. మంచుపొరలో గాలి చిక్కుకొని యుండును. గొర్రెలకాపరి గొంగడి వెచ్చదనమును లోపల ఎట్లు నిలుపునో, ఈ పొర చలిని కాయిలులోనే అట్లు బంధించును. అదియుగాక రేకుల సందులు పూడిపోయి ఫ్యాను గాలి ముందుకు సాగదు. కంప్రెసరు ఎంత శ్రమించినను గదికి చలి అందదు. కరెంటు బిల్లు మాత్రము పెరుగును. కాబట్టి చలిని నిలుపుటకే అప్పుడప్పుడు చలిని ఆపి మంచును కరిగింపవలెను. దీనిని డీఫ్రాస్టు అందురు.

కరిగించు విధములు

పెరుగు, కూరగాయలు మొదలైనవి ఉంచు గదులలో వేడిమి సున్నకు పైన ఉండును గనుక, కంప్రెసరును ఆపి ఫ్యానును మాత్రము నడిపినచో గది గాలియే మంచును కరిగించును. మైనస్ 18 డిగ్రీల గదిలో గాలియే గడ్డకట్టు చలిలో ఉండుటచే ఆ ఉపాయము పనికిరాదు. అచ్చట కాయిలులో అమర్చిన విద్యుత్ హీటర్ల చేతగాని, కంప్రెసరు నుండి మళ్లించిన వేడి గ్యాసు చేతగాని మంచును కరిగింతురు. పూర్వము చలికి ఒక థర్మోస్టాటు, డీఫ్రాస్టుకు ఒక గడియారపు టైమరు వేరువేరుగా ఉండెడివి. ఎలెక్ట్రానిక్ కంట్రోలరు ఈ రెండు పనులను ఒక్కటిగా చేయును.

రెండు సెన్సర్లు

సామాన్యముగా ఈ కంట్రోలరుకు రెండు సెన్సర్లు ఉండును. ఒకటి గది గాలిని, రెండవది కాయిలును కనిపెట్టును. వేడిమి పెరిగిన కొలది వీని విద్యుత్ నిరోధము తగ్గును. ఆ మార్పును చూచియే కంట్రోలరు వేడిమిని తెలిసికొనును. దానికి వేరే కన్నులు లేవు. సెన్సరు అబద్ధము చెప్పినచో కంట్రోలరు అబద్ధమునే నమ్మును. ఈ ఒక్క వాక్యమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొన్నను మా శ్రమ ఫలించినట్లే.

గది సెన్సరును కాయిలు వైపునకు తిరిగి వచ్చు గాలి మార్గములో ఉంచవలెను. తలుపు దగ్గర గాని, దీపము దగ్గర గాని, గోడకు ఆనించి గాని, ఫ్యాను నుండి వెలువడు చల్లగాలికి ఎదురుగా గాని ఉంచరాదు. కాయిలు సెన్సరును రేకుల మధ్య, మంచు అన్నిటికంటె చివరగా కరుగు చోట గ్రుచ్చవలెను. హీటరుకు దూరముగా ఉంచవలెను. కర్దనూర్ గదిలో జరిగిన పొరపాటు ఇదియే. అచ్చట ఆ సెన్సరును హీటరు కడ్డీకి తాకునట్లు కట్టిరి. హీటరు వెలిగిన రెండు మూడు నిమిషములకే సెన్సరు వేడెక్కెను. మంచు కరిగినదని తలచి కంట్రోలరు హీటరును ఆపెను. మిగిలిన మంచుపై మరునాడు మరికొంత మంచు చేరెను. ఇట్లు దినదినము పెరిగి బండ కట్టినది.

అమర్చు క్రమము

మొదట విద్యుత్తును మెయిను వద్ద ఆపి, ఆగినదని టెస్టరుతో నిర్ధారించుకొనవలెను. ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను సమక్షముననే చేయవలెనని విద్యార్థులను హెచ్చరించుచున్నాము. పాత తీగలను విప్పుటకు ముందే ఏ తీగ ఎచ్చటిదో కాగితముపై వ్రాసి, తీగకు చీటీ కట్టవలెను. కంట్రోలరులోని రిలేలు చిన్నవి. కంప్రెసరు, హీటర్ల వంటి పెద్ద భారములను వానిపై నేరుగా మోపక కాంటాక్టరు ద్వారా నడుపవలెను. ఎర్తు తప్పక ఉండవలెను. హీటరు అతిగా వేడెక్కకుండ కాపాడు ప్రత్యేక రక్షణ థర్మోస్టాటు ఉన్నచో, కొత్త కంట్రోలరు వచ్చినదని దానిని తొలగింపరాదు. సెన్సరు తీగలను కరెంటు తీగలతో కలిపి ఒకే గొట్టములో లాగరాదు. లాగినచో అంకెలు తడబడును.

బిగించుటకు ముందు సెన్సర్లను పరీక్షించుట సులభము. గ్లాసునిండ మంచుముక్కలు నలుగగొట్టి పోసి, కొంచెము నీరు చేర్చి, కలిపి, సెన్సరును అందులో కొన్ని నిమిషములు ఉంచవలెను. కంట్రోలరు సున్న చూపవలెను. ఒకటి రెండు డిగ్రీలు తేడా చూపినచో దానిని సవరించు ఏర్పాటు చాల కంట్రోలర్లలో ఉండును.

అంకెల అర్థము

ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క సంకేతమును వాడును గనుక సంకేతములను కంఠస్థము చేయుట వృథా. అర్థమును గ్రహింపవలెను. కోరిన వేడిమి మైనస్ 18, తేడా 2 అని పెట్టినచో, సామాన్యముగా కంప్రెసరు మైనస్ 18 వద్ద ఆగి మైనస్ 16 వద్ద తిరిగి నడచును. తేడా మరీ తక్కువైనచో అది మాటిమాటికి ఆగి నడచి చెడిపోవును. అందుకే ఆగిన తరువాత కొన్ని నిమిషముల విశ్రాంతి కూడ నిర్ణయింపబడును. మాటిమాటికి కరెంటు పోయివచ్చు చోట ఇది మరింత అవసరము.

డీఫ్రాస్టుకు నాలుగు అంకెలు ముఖ్యము: ఎన్ని గంటల కొకసారి, ఏ వేడిమి వద్ద ముగియవలెను, ఎంతసేపు మించరాదు, నీరు కారుటకు ఎంత వ్యవధి. ఉదాహరణకు 6 గంటల కొకసారి, 8 డిగ్రీల వద్ద ముగింపు, 30 నిమిషముల హద్దు, 3 నిమిషముల వ్యవధి అని ఆరంభించి, కాయిలును చూచి సవరించుకొనవచ్చును. వానకాలములోను, తలుపు ఎక్కువగా తెరచు చోటను డీఫ్రాస్టులు ఎక్కువ కావలెను.

చిన్న లెక్క చూడుడు. సున్న డిగ్రీల వద్దనున్న ఒక కిలో మంచు కరుగుటకు సుమారు 334 కిలోజౌళ్ల శక్తి కావలెను. కాయిలుపై 3 కిలోల మంచు ఉన్నచో సుమారు 1,000 కిలోజౌళ్లు. 2 కిలోవాట్ల హీటరు సెకనుకు 2 కిలోజౌళ్లు ఇచ్చును గనుక 500 సెకన్లు, అనగా ఎనిమిది నిమిషములకు పైన పట్టును. మంచును, లోహమును మొదట సున్న డిగ్రీలకు తెచ్చుటకును, గదిలోనికి పోవు వేడికిని మరికొంత కాలము కావలెను. ఈ లెక్క తెలిసినవాడు రెండు నిమిషములలో డీఫ్రాస్టు ముగిసినచో సంతోషింపడు, సందేహించును. ప్రతిసారి 30 నిమిషముల హద్దు వరకు సాగినను హీటరు చెడినదేమో, సెన్సరు ఊడినదేమో అని పరీక్షించును.

తుది పరీక్ష

అంతయు బిగించిన పిమ్మట కాయిలుపై కొంత మంచు పట్టనిచ్చి, చేతితో డీఫ్రాస్టును ఆరంభించి దగ్గర నిలిచి చూడవలెను. హీటర్లు గల గదిలో మొదట కంప్రెసరు, ఫ్యాను ఆగవలెను. హీటరు కరెంటు లాగుచున్నదో లేదో టాంగ్ టెస్టరుతో చూడవలెను. డ్రెయిను గొట్టము నుండి నీరు వెలుపలికి రావలెను. గడ్డకట్టు గదులలో ఆ గొట్టమునకు కూడ చిన్న హీటరు అవసరము. హీటరు ఆగి, నీరు కారిన తరువాత కంప్రెసరు నడువవలెను. కాయిలు తిరిగి చల్లబడిన పిమ్మటనే ఫ్యాను తిరుగవలెను. లేనిచో వెచ్చని తేమ సరుకుపై పడి గడ్డకట్టును. చివరకు టార్చిలైటుతో కాయిలు మూలమూలలను చూచి, ఎచ్చటను మంచు మిగులలేదని నిశ్చయించుకొనవలెను. కంట్రోలరు చూపు అంకెకంటె కంటితో చూచినది గొప్ప సాక్ష్యము.

కర్దనూర్ గదిలో సెన్సరును సరియైన చోటికి మార్చిన తరువాత చలి తిరిగి మైనస్ 18కి చేరినది. అంకెల నన్నిటిని మా విద్యార్థి తెలుగులో వ్రాసి ప్యానెలు తలుపు లోపల అంటించినాడు. కోసిన జీతము మాత్రము వానికి తిరిగి రాలేదు. కారణము తెలిసియుండినచో ఆనాడే వాడు తన పక్షమున నాలుగు మాటలు చెప్పుకొనగలిగి యుండెడివాడు. విద్య కూడు పెట్టుటయే గాక, మోపబడిన నింద నుండి మనిషిని కాపాడును కూడ.

మన విద్యార్థులలో పలువురు చదువు ముగియగానే ఈ ప్రాంతపు కర్మాగారములలోను, గిడ్డంగులలోను చేరుచున్నారు. కళాశాల కార్యవర్గము వారు ఒక పాత ప్యానెలును, ఒక కంట్రోలరును, రెండు సెన్సర్లను తెప్పించి అభ్యాసమునకు ఉంచినచో గొప్ప మేలు చేసినవారగుదురు. ఉర్దూ శాఖలోని మిత్రులు ఈ వ్యాసమును ఉర్దూలో వ్రాసి ఇచ్చినచో, రెండు భాషల పాఠములను ఆ ప్యానెలు ప్రక్కన గోడకు వ్రేలాడదీయుదుము.