ఈ ఊరికి సముద్రం ఎంత దూరం?
మధ్యధరా సముద్రపు ప్రాచీన రేవులు: ఒక ఓడ ప్రయాణం, ఒక చరిత్ర పాఠం

మన ట్రస్టు ఉపకార వేతనాలు అందుకున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ మధ్య నన్ను ఒకే సంగతి అడుగుతున్నారు. వేసవి సెలవుల్లో గ్రీసు, టర్కీ, ఇటలీ దేశాల పురాతన స్థలాలను ఓడ మీద చూపిస్తామని, అది కుటుంబమంతటికీ విద్యా యాత్ర అని ప్రకటనలు వస్తున్నాయి. అంత డబ్బు పోసి పిల్లలను తీసుకువెళితే చదువుకు ఏమైనా అక్కరకు వస్తుందా అని వారి ప్రశ్న. బరంపురంలో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించినదాన్ని కాబట్టి నన్ను అడగడం సహజమే. పైగా 2023 మే నెలలో మా అమ్మాయి, అల్లుడుగారు, తొమ్మిదో తరగతి మనవరాలు, ఆరో తరగతి మనవడితో కలిసి నేనూ అటువంటి ఓడ ఎక్కాను.

ముందు ఆ ప్రయాణం తీరు చెబుతాను. ఓడ రాత్రంతా నడుస్తుంది. తెల్లవారేసరికి ఒక రేవులో ఉంటుంది. ఫలహారం కాగానే బస్సు ఎక్కిస్తారు. గైడు రెండు మూడు గంటలు తిప్పి, రాజుల పేర్లు, దేవతల పేర్లు ఓ నలభై చెబుతాడు. సాయంత్రానికి మళ్లీ ఓడలో ఉండాలి. ఆలస్యమైతే ఓడ ఆగదు. అంటే ఒక మహానగరానికి మనకు దక్కేది ఐదారు గంటలు, అందులోనూ సగం బస్సులో, వరుసల్లో పోతుంది. ఏ సిద్ధమూ లేకుండా వెళ్లిన పిల్లలకు నాలుగో రోజుకల్లా అన్ని స్తంభాలూ ఒకేలా కనబడతాయి. ఓడలోని ఈత కొలను మాత్రం బాగా గుర్తుంటుంది. అందులో పిల్లల తప్పేమీ లేదు.

అందుకని బయలుదేరే ముందే మేము ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం. ఈ నగరం బతికి ఉన్న రోజుల్లో సముద్రం ఎక్కడ ఉండేది? ఇప్పుడు ఎక్కడ ఉంది? ఎందుకు జరిగింది? పిల్లలిద్దరూ నోటు పుస్తకంలో మూడు గడులు గీసుకున్నారు. ఓడ మీద వెళ్లేవారికి ఇది తగిన ప్రశ్న. ఆ కాలపు మనుషులు కూడా ఆ ఊళ్లను ముందుగా నీటి మీది నుంచే చూశారు. వారి ధాన్యం, నూనె, పాలరాయి అన్నీ నీటి మీదే వచ్చాయి.

మొదటి మజిలీ ఏథెన్సు. ఓడ ఆగేది ఏథెన్సులో కాదు, పిరయస్ రేవులో. కొండ మీద పార్థినాన్ ఆలయం (క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432కు ముగించారు) ఎంత గొప్పదో పాఠ్య పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి కనుక దాని జోలికి పోను. మా ప్రశ్నకు జవాబు దొరికింది దారిలో. ఏథెన్సు తన జనానికి సరిపడా ధాన్యం పండించుకోలేని ఊరు. నల్ల సముద్రం వైపు నుంచి ఓడల మీద గోధుమ రావాలి. అందుకే క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఊరినీ రేవునీ కలుపుతూ, సుమారు ఆరేడు కిలోమీటర్ల పొడవున దారికి అటూ ఇటూ గోడలు కట్టుకున్నారు. భూమి మీద శత్రువు ముట్టడించినా రేవు నుంచి తిండి వస్తూ ఉండాలన్న ఏర్పాటు అది. క్రీ.పూ. 405లో స్పార్టా సేనాని లైసాండర్ ఏథెన్సు నౌకాదళాన్ని నాశనం చేసి సముద్రపు దారి మూసివేశాడు. మరుసటి ఏడాది ఏథెన్సు ఆకలితో లొంగిపోయింది. లొంగుబాటు షరతుల్లో ఒకటి ఆ గోడలను పడగొట్టడం. మా మనవడికి ఈ సంగతి ఏ శిల్పం కన్నా బాగా పట్టింది. బస్సు కిటికీలోంచి దూరం కొలుస్తూ కూర్చున్నాడు.

తరువాత మైకనోస్ ద్వీపం నుంచి చిన్న పడవలో అరగంట ప్రయాణించి డెలోస్ చేరాం. ఇది పట్టుమని నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా లేని రాతి ద్వీపం. అపోలో దేవుడు పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. క్రీ.పూ. 166 ప్రాంతంలో రోమన్లు దీన్ని సుంకం లేని రేవుగా చేశారు. దానితో వ్యాపారమంతా ఇటు మళ్లింది. ఇక్కడ ఒక్క రోజులో పదివేలమంది బానిసలను దింపి, అమ్మి, పంపగలిగేవారని స్ట్రాబో అనే భూగోళ రచయిత రాశాడు. గైడు ఈ మాటను త్వరగా దాటేశాడు. మా మనవరాలు మాత్రం అక్కడే ఆగి, "అమ్మమ్మా, ఆ సింహాల విగ్రహాలకు డబ్బు ఇందులోంచే వచ్చిందా?" అని అడిగింది. ఆ సింహాలు అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందువని, కానీ మొజాయిక్ నేలలున్న ఆ పెద్ద ఇళ్లలో చాలావాటికి ఈ వ్యాపారపు రోజులే కారణమని చెప్పాను. క్రీ.పూ. 88లో మిత్రిడేటిస్ రాజు సేనలు, 69లో సముద్రపు దొంగలు ద్వీపాన్ని కొల్లగొట్టారు. ఇతర రేవులు పైకి వచ్చాయి. ఊరు క్రమంగా ఖాళీ అయింది. ఇక్కడ సముద్రం వెనక్కు పోలేదు సరికదా, నీటి మట్టం పెరిగి పాత రేవు కట్ట కొంత మునిగి ఉంది. అంటే మా పట్టీలోని మూడో గడిలో "మేట" అని రాద్దామనుకుంటే కుదరలేదు. పిల్లలకు ఇటువంటి ఎదురు జవాబు ఒకటి త్వరగా తగలడం మంచిది.

మేట సంగతి ఎఫెసస్‌లో కనబడింది. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైన రోజు అదే. టర్కీలోని కుశాదసి రేవులో దిగి ఇరవై కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. అందరూ ఫోటో తీసుకునేది సెల్సస్ గ్రంథాలయం దగ్గర. క్రీ.శ. 2వ శతాబ్దపు మొదట్లో ఒక కొడుకు తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించిన పుస్తక భవనం అది. తండ్రి సమాధి దాని అడుగునే ఉంది. కూలిపోయిన ముందు గోడను 1970ల్లో ఆస్ట్రియా పురాతత్వవేత్తలు రాయి రాయి పేర్చి నిలబెట్టారు. అది చూడవలసిందే. కాని నా సలహా ఏమంటే, అక్కడి నుంచి నడిచి పెద్ద నాటకశాల మెట్లు ఎక్కండి. ఇరవైనాలుగు వేలమంది దాకా కూర్చోగల ఆ మెట్ల పై వరుస నుంచి పడమటికి చూస్తే, రాతి పలకలు పరిచిన వెడల్పాటి వీధి ఒకటి తిన్నగా అర కిలోమీటరు పోయి రెల్లు పొదల్లో ఆగిపోతుంది. ఆ రెల్లు పొదలే ఒకనాటి రేవు. రాత్రిళ్లు దీపాలు వెలిగిన వీధి అది. ఓడ దిగిన వ్యాపారి ఆ వీధిలోనే ఊళ్లోకి వచ్చేవాడు. ఈనాడు సముద్రం అక్కడికి ఐదు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

దీనికి కారణం కేస్టర్ అనే నది. పైన కొండల్లో అడవులు కొట్టి, భూములు దున్నే కొద్దీ నది మరింత ఒండ్రు తెచ్చి మొగ దగ్గర మేట వేసింది. ఊరివారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన అట్టలస్ రాజు, రేవు ముఖద్వారాన్ని ఇరుకు చేస్తే లోపల లోతు పెరుగుతుందని తలచి ఇంజనీర్ల చేత అడ్డుకట్ట వేయించాడు. ఫలితం తలక్రిందులైంది. లోపలికి వచ్చిన ఒండ్రును ఆటుపోట్లు బయటికి లాగలేక రేవు మరీ త్వరగా పూడిందని స్ట్రాబో రాశాడు. తరువాత క్రీ.శ. 2వ శతాబ్దంలో ఒక రోమన్ గవర్నరు రేవు ఒడ్డున కలప పేర్చడం, పాలరాయి కోయడం నిషేధించాడు. రంపపు పొడి నీళ్లలో పడి పూడిక పెంచుతోందని ఆయన బాధ. ఆ ఉత్తర్వు రాతి మీద చెక్కి ఉన్నది దొరికింది. మున్సిపాలిటీ నోటీసు బోర్డు లాంటిదే అనుకోండి, మా అల్లుడుగారు చాలాసేపు నవ్వారు. ఎంత చేసినా రేవు దక్కలేదు. రేవు పోయాక ఊరు కొన్ని శతాబ్దాలపాటు చిక్కిపోయి ఆగిపోయింది.

నేపుల్స్ దగ్గర సముద్రం మరొక రకంగా జరిగింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపే, హెర్క్యులేనియం ఊళ్లను కప్పేసిన సంగతి పిల్లలకు తెలిసిందే. హెర్క్యులేనియంలో తీరాన ఉన్న పడవ కొట్టాలలో, సముద్రం మీద తప్పించుకుందామని చేరిన సుమారు మూడు వందలమంది అస్థిపంజరాలు 1980 తరువాత బయటపడ్డాయి. వారు నిలబడిన ఇసుక తీరం ఇప్పుడు నీటి ఒడ్డుకు దూరంగా, నేల మట్టానికి చాలా కిందన ఉంది. అగ్నిపర్వతం తోసిన పదార్థం ఒక్క రోజులోనే తీరాన్ని ముందుకు జరిపింది. చిన్న పిల్లలను ఆ కొట్టాల దాకా తీసుకువెళ్లాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవాలి. మా మనవడిని మేము తీసుకువెళ్లలేదు.

నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో మనకు సొంతమైన వస్తువు ఒకటి ఉంది. పాంపేలో 1938లో ఒక ఇంట్లో దొరికిన ఏనుగు దంతపు స్త్రీ బొమ్మ. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు. నగలు, జడ, పక్కన ఇద్దరు చెలికత్తెలు, అంతా మన దేశపు పనే. మొదట లక్ష్మీదేవి అన్నారు. ఇప్పుడు చాలామంది పండితులు యక్షి అయి ఉండవచ్చంటున్నారు. తల పైన రంధ్రం ఉంది కనుక ఏదో సామానుకు కాలో పిడియో అయి ఉంటుంది. దీన్ని పోలిన బొమ్మలు మహారాష్ట్రలో భోకర్దన్, తేర్ అనే ఊళ్లలో దొరికాయి. తేర్ అంటే ప్రాచీన తగర నగరం, శాతవాహనుల కాలపు వ్యాపార కేంద్రం. షోలాపూరులోని మన పద్మశాలి కుటుంబాలకు ఒక్క రోజులో వెళ్లి రాగల దూరంలో ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే నావికుల గ్రంథం, బరుకచ్ఛ రేవు నుంచి పైఠణకు ఇరవై రోజులు, పైఠణ నుంచి తగరకు పది రోజులు ప్రయాణమని, తగర నుంచి బండ్ల మీద సాదా బట్ట విస్తారంగా రేవుకు వచ్చేదని చెబుతుంది. అదే గ్రంథం కృష్ణా ముఖద్వారపు మసాలియా ప్రాంతపు నూలు బట్టలనూ, ఒరిస్సా తీరమని పండితులు గుర్తించిన దొసరెనె దంతాన్నీ పేర్కొంది.

చివరిగా రోము. రోముకు టైబర్ నది మొగలో ఉండిన ఓస్తియా ఈనాడు సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపల ఉంది. దానికి ఉత్తరాన క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో తవ్వించడం మొదలుపెట్టిన రేవు పూడి నేల అయింది. ఆ పక్కనే ఇప్పటి విమానాశ్రయం. ట్రాజన్ చక్రవర్తి దాని వెనుక తవ్వించిన ఆరు పలకల రేవు మాత్రం చెరువులా మిగిలింది. తిరుగు ప్రయాణంలో విమానం కిటికీలోంచి దాన్ని మొదట మా మనవడే గుర్తుపట్టాడు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. డబ్బుకు ఇబ్బంది లేనివారు వెళ్లవచ్చు. అయితే రేవుల సంఖ్య తక్కువగా, ఒక్కొక్క చోట ఎక్కువ గంటలు ఆగే ఓడనే ఎంచుకోండి. గ్రీసు నుంచి టర్కీ వెళ్లి మళ్లీ ఇటలీలో దిగుతారు కనుక షెంజెన్ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలైనదై ఉండాలి. టర్కీ నియమాలు వేరు, టికెట్టు కొనే ముందే కనుక్కోండి. ఎండకు టోపీ, జారని చెప్పులు, నీళ్ల సీసా తప్పనిసరి. కాని దీనికోసం అప్పు చేయవద్దనీ, పిల్లల కాలేజీ ఫీజుకు దాచినది ముట్టవద్దనీ గట్టిగా చెబుతాను. ఈ పాఠాన్ని బస్సు చార్జీలతో నేర్చుకోగల చోట్లలోనే మనలో చాలామంది ఉన్నాం.

యానాం పిల్లలు కాకినాడ దారిలో ఉన్న కోరంగికి వెళ్లండి. ఎందరో తెలుగువారు రంగూన్ ఓడ ఎక్కిన రేవు అది. బర్మాలో తెలుగువారికి కోరంగీలనే పేరే పడింది. 1839 నవంబరు తుపాను, గోదావరి ఒండ్రు కలిసి దాన్ని ముగించాయి. ఇప్పుడు అక్కడ మడ అడవులు. తమిళనాడువారు పుదుచ్చేరి దగ్గరి అరికమేడును చూడవచ్చు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించగా ఇటలీలో చేసిన మట్టి పాత్రలు అక్కడ దొరికాయి. కావేరి పూంపట్టినం కూడా చూడండి, అక్కడ సముద్రం ముందుకు వచ్చింది. ముంబయి వైపు ఉన్నవారికి నాలాసోపారా ఉంది, లోకల్ రైలు ఆగే ఆ ఊరు అశోకుని కాలానికే పేరున్న రేవు. కర్ణాటకవారు చిత్రదుర్గ పక్కన చంద్రవల్లి చూడండి. సముద్రానికి అంత దూరంలో రోమన్ వెండి నాణేలు ఎలా వచ్చాయో ఆలోచించండి.

బరంపురం పిల్లలకు గోపాలపూర్ ఉండనే ఉంది. ఇసుకలో పాత జెట్టీ స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఏథెన్సుకు స్ట్రాబో ఉన్నాడు, గోపాలపూర్‌కు మన పెద్దవాళ్లే ఉన్నారు, వారు తొంభై దాటుతున్నారు. తిరిగి వచ్చాక మా మనవరాలు తన పట్టీ పట్టుకుని మా వీధిలోని ఒక తాతగారి దగ్గరకు వెళ్లింది. రంగూన్ ఓడ ఒడ్డుకు రాలేక దూరంగా ఆగేదని, కెరటాల మీదుగా మసూలా పడవల్లో జనాన్ని చేరవేసేవారని, చిన్నప్పుడు తన తండ్రిని అలా పంపి ఒడ్డున నిలబడ్డానని ఆయన చెప్పారు. పడవకు ఎంతమంది, కూలి ఎంత, ఓడ ఏ నెలల్లో వచ్చేది అని ఆ పిల్ల ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆ పుట ఇప్పుడు ఎఫెసస్ పుట కన్నా పొడవుగా ఉంది.